అందరికీ ఎర్రమట్టి

వాగు ఒడ్డున ఒక బావురుపిల్లి పక్షిపిల్లలకు బడి పెట్టింది. చిలక పిల్లలు పచ్చగా మెరిసిపోతుంటే, కౌజుపిట్ట పిల్ల ఎండుగడ్డి రంగులో వెలవెలబోయేది. తోటిపిల్లలు దాన్ని ఏడిపించేవాళ్లు.

"రేపటి నుంచి అందరూ ఎర్రమట్టిలో పొర్లి బడికి రావాలి. ఇక ఎక్కువ తక్కువలుండవు" అంది బావురుపిల్లి.

"నీ పిల్లకే మేలమ్మా!" అంది చిలక తల్లి.

కౌజు తల్లికి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. మాంసం తినే పంతులుకి మన పిల్లల మీద ఇంత బెంగేమిటి?

మర్నాడు పొద్దున్నే పిల్లకు మట్టి పూసి, బడి పక్కనున్న గడ్డిలో దాక్కోమంది. ఎంత ముడుచుకున్నా పిల్ల నిప్పుకణికలా కనిపిస్తూనే ఉంది. వాగులో కడిగి మళ్లీ దాక్కోమంది. ఈసారి కన్నతల్లికే కనిపించలేదు.

కౌజు తల్లి తిన్నగా బడికి వెళ్లింది.

"నీ పిల్లేదీ? మట్టి పూశావా?" అంది బావురుపిల్లి.

"లేదు పంతులుగారూ. ఆ గడ్డిలోనే ఉంది. మీరే పట్టుకోండి, పూసేస్తాను."

బావురుపిల్లి గడ్డి అంతా గాలించింది. గోళ్లు బయటపెట్టి మరీ గాలించింది. పిల్ల దొరకలేదు.

"చూశారా! చెప్పినమాట వినని పిల్లలు ఇలాగే కంటికి కనబడకుండా పోతారు" అంది మూతి నాక్కుంటూ.

పిల్లల్ని దింపడానికి వచ్చిన చిలక తల్లి ఆ గోళ్లు చూసింది. వరసగా, ఎర్రగా కూర్చున్న తన పిల్లల్ని చూసింది.

ఆ మట్టి వదిలిపోయేలా అందర్నీ వాగులోకి తోసింది.