వెడల్పు బ్రేకు

అమెరికాలోని మా టొలీడో ఊళ్లో నా అంత కుళ్లుబోతు తండ్రి ఉండడండీ! పెద్ద ఇంజినుతో దూసుకుపోయే నా పాత మజిల్ కారుకు ఆటోమేటిక్ గేర్లు తీసేసి క్లచ్చూ చేతి గేర్లూ బిగించడానికి మా అమ్మాయి లొరెట్టా పక్కింట్లో ఉండే నా ఈడువాడు వెండెల్‌ను పిలుచుకుంది. నన్నేమో "నడుం పట్టేస్తుంది నాన్నా, కూర్చో" అంది.

ఆరు వారాలు వాళ్లిద్దరూ కారు కింద దూరి నవ్వుకుంటుంటే నేను కిటికీలోంచి చూస్తూ కుళ్లుకున్నాను.

మొదట నడిపిందీ వెండెలే! పది గజాలు పోయి, గేరు మార్చబోతూ ఎడమకాలు దబ్బున నొక్కాడు. అది క్లచ్చు మీద కాక పక్కనున్న బ్రేకు మీద పడింది. కారు కీచుమని ఆగింది. వాడి టోపీ ఎగిరి అద్దానికి కొట్టుకుంది.

నేను పరుగున వెళ్లి తొంగి చూశాను. "ఏమోయ్ మేస్త్రీ! ఆటోమేటిక్‌కి ఉండే వెడల్పు బ్రేకు పెడలే ఉంచేశావా? క్లచ్చుకు చోటివ్వాలంటే సన్నది వేయాలని తెలీదూ?"

"తెచ్చానయ్యా ముసలోడా! నీ కూతురు వేయనిస్తేగా!"

లొరెట్టా వంగి ఆ పెడల్ రబ్బరు తడిమింది. "ఇక్కడ నీ బూటు అరిగిన గుంట ఉంది నాన్నా. ముప్పయ్యేళ్లది. పారేయడానికి నాకు చేతులు రాలేదు."

నా ఆనందం ఏం చెప్పను!

వెండెల్ మాత్రం ఆ గుంట వంకే చూస్తూ ఉండిపోయాడు. వాడికి పిల్లల్లేరు. వాడి కళ్లలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు, ఆరు వారాలు నా కళ్లలో ఉన్నదీ ఆ కుళ్లే.