నూకరత్నం సెలవు

ఏ పని జరగడానికి ఏ కారణం బలం ఎంతో లెక్కగట్టి చెప్పే పలక అప్పటికి ప్రతి గోడకీ వచ్చేసింది. చారుకి రుచి దేనివల్ల వచ్చిందో కూడా జనం దాన్నే అడిగేవారు. అనకాపల్లిలో ఒక శిశుకేంద్రంలో పద్నాలుగు మంది పసివాళ్లను రోజూ మధ్యాహ్నం నిద్రపుచ్చే ఆయా నూకరత్నం. ఒక సోమవారం అక్కడి పలక తేల్చి చెప్పింది: పిల్లల నిద్రకు ఫ్యాను బలం వందకి నలభై ఆరు, కర్టెన్లది ముప్ఫై, పాలది ఇరవై నాలుగు, ఆయాది సున్నా.

"ఫ్యానూ కర్టెన్లూ పాలూ ఏదో ఒక రోజు లేకుండా పోయాయి. పదకొండేళ్లలో నువ్వు ఒక్క పూటైనా మానలేదు కదా. ఎప్పుడూ ఉండేదాని బలం దానికి కనబడదట," అంది మేనేజరు వసుంధర. "నెలాఖరుకి నిన్ను మాన్పించాలి. పలక చెప్పాక నేనేం చెయ్యను?"

"అయితే కనబడాలంటే మానాలన్నమాట," అంది నూకరత్నం. మర్నాడు తునిలో చెల్లెలింటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. వెనకనుంచి పిల్లలందరి ఏడుపూ వినబడుతోంది.

"నీ బలం ఎనభై మూడుకి పెరిగింది, రత్నం. వెంటనే వచ్చెయ్యి," అంది వసుంధర.

"పదకొండేళ్లు మీరు కళ్లారా చూశారు. అయినా నమ్మడానికి గోడ చెప్పాల్సి వచ్చింది. ఇవాళ్టికి మీరే ఒళ్లో వేసుకుని జోకొట్టండమ్మా. ఆ పలకని గోడ మీంచి దింపాక కబురు పెట్టండి, వస్తాను," అని నూకరత్నం ఫోను పెట్టేసింది.