అనుభవం లేనివారే కావలెను

"అనుభవం?"

"లేదండీ."

బల్ల వెనక కూర్చున్నతను తల ఎత్తకుండానే రాసుకున్నాడు. ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది. తొమ్మిదేళ్లు కాలర్లు కుట్టి కాయ కాచిన చూపుడువేలు తనను పట్టిచ్చేస్తుందని భయం.

పొద్దున గేటు ముందు వరసలో తోడికోడలు అంతా విడమర్చి చెప్పింది. ఎగుమతుల జోన్‌లో విదేశీ కంపెనీకి పదేళ్లు పన్ను ఉండదట. ఆ గడువు తీరగానే పాత కంపెనీ చెప్పాపెట్టకుండా తాళం వేసుకుని పోయింది. నడుంనొప్పికి ఆమె ఎర్ర పేలికలతో కుట్టుకున్న కుర్చీ దిండు కూడా లోపలే ఉండిపోయింది. ఇప్పుడు అదే షెడ్డులో మళ్లీ పదేళ్ల మాఫీతో కొత్త కంపెనీ దిగింది. దీనికి పనొచ్చినవాళ్లు వద్దు, నేర్చుకునేవాళ్లే కావాలి. నేర్చుకునేవాళ్లకు సగం జీతమిస్తే చాలు.

"పనొచ్చని తెలిసిందా, బయటికే. సూది మొహం చూడనట్టు కూర్చో," అంది తోడికోడలు.

"వచ్చిన పని రాదని చెప్పుకోడానికి సిగ్గు లేదా అక్కా?"

"సిగ్గుతో పొయ్యి వెలగదే."

వరసలో సగం మంది పాత కంపెనీవాళ్లే. ఎవరూ ఎవరినీ పలకరించలేదు.

బల్ల వెనకతను రెండు గుడ్డముక్కలిచ్చి, పక్కనున్న మిషను మీద కలిపి కుట్టమన్నాడు. దారం ఎక్కించడానికి ఆమె మూడుసార్లు తడబడింది. కాలు దానంతటదే పరుగందుకోబోతే వేళ్లు బిగబట్టి ఆపుకుంది. కుట్టు పాములా వంకరలు పోయింది. చేతులారా ఇంత పాడు కుట్టు ఆమె ఎన్నడూ వేయలేదు. ఒళ్లు మండిపోయింది.

అతను గుడ్డ తిప్పి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇంట్లోనే. చిరుగులకు అతుకులు వేసుకుంటూ."

"మెల్లగా వస్తుందిలే," అన్నాడు, ఇప్పుడూ ఆమె ముఖం చూడకుండా. "ఏడాది శిక్షణ. సంతకం పెట్టు."

ఆమె పెట్టిన సంతకానికి కాగితం చిరిగింది. అతను దాన్ని అలాగే ఫైల్లో పెట్టుకున్నాడు.

"నాలుగో వరస, కిటికీ పక్క మిషను నీది. చూపించడానికి మనిషిని పంపనా?"

"అక్కర్లేదండీ."

ఆమె లోపలికి నడిచి, నాలుగో వరసలో కిటికీ పక్క కుర్చీని వెనక్కి లాగింది.

దాని మీద ఎర్ర పేలికల దిండు అలాగే ఉంది.