వాకబు

అతను కాకపోతే ఇంకెవరు? రోజూ తెల్లవారకముందే తను తిరుపతి బస్సుకు బయలుదేరే వేళకు, ఎదురింటి పంచలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పలకరించడు. నవ్వడు. ఊరికే చూస్తాడు. అలా చూసేవాడి కడుపులో ఏముంటుందో ఎవరికి తెలుసు?

ధరణి తన నర్సింగ్ డిగ్రీని వెనక్కి తిప్పింది.

ఖాళీ లేదు. నోటరీ ముద్ర, రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఢిల్లీలో వేసిన ముద్ర, అన్నిటికీ చివర రాయబార కార్యాలయం వాళ్ళు అంటించిన కాగితం. మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగానికి కావలసిన వాటన్నిటి కోసం తిరిగింది మోహన్‌కృష్ణే. "నువ్వు డ్యూటీకి పోమ్మే, నేనుండాను కదా," అని చిత్తూరు కోర్టు ముందు ఎండలో నిలబడింది అతనే.

మొగుడు కాకముందే మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ బావ.

అతను గుమాస్తాగా ఉన్న మామిడికాయల మండీలో స్నేహితులు ఆటపట్టించేవాళ్ళు.

"ఏమప్పా మోహనా, పెండ్లాం మస్కట్ పోతే నువ్వీడ సంగటి కెలుక్కుంటా కూసుంటావా?"

అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు.

మిగిలింది పోలీసుల కాగితం ఒక్కటే. ఈమె మీద కేసులు లేవు, ఈ ఇంట్లోనే ఉంటోంది అని. కానిస్టేబుల్ వాకబుకు వచ్చిన రోజు ధరణి తిరుపతి ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. ఈ చిరునామాలో ఉండటం లేదని రాసి పంపేశారు.

మస్కట్ వాళ్ళు ఇచ్చిన గడువు దాటిపోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది.

"ఎవరు చెప్పింటారు బావా?"

"పోలీసోళ్ళు అడిగేది ఎదురింట్లోనే కదా," అన్నాడు మోహన్‌కృష్ణ, చెప్పులు విప్పుతూ.

ధరణి డిగ్రీని మంచం మీద పడేసి వీధి దాటింది.

జయరావు పంచలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నాడు. పాకాల నుంచి వచ్చి ఆ గదిలో ఒంటరిగా ఉంటున్న మనిషి. అంతకుమించి అతని గురించి వీధిలో ఎవరికీ తెలియదు.

"ఏమయ్యా, నేనీడ ఉండనని పోలీసులకు చెప్పినావంట?"

అతను తలెత్తాడు.

"రోజూ గుడ్లప్పగించి చూస్తావే, నేను యాడుంటానో తెలీదా నీకు? నీ సొమ్మేం తిన్నాను?"

పక్కింటి మునిరత్నమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. "అడుగు మే, బాగా అడుగు. ఒంటిగాళ్ళకు పనేముంటాది, ఊరోళ్ళ కొంపలు తవ్వేది తప్ప."

జయరావు చూపు ధరణిని దాటి, ఆమె వెనక, వీధి అవతలి గుమ్మంలో నిలబడి ఉన్న మోహన్‌కృష్ణ దగ్గర ఆగింది.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "తెలీక చెప్పినాను. తప్పయిపోయింది."

వాదిస్తాడనుకుని గొంతు సిద్ధం చేసుకున్న ధరణికి కాలికింద మెట్టు లేనట్టయింది. "నువ్వు బాగుపడవు," అనేసి వచ్చేసింది.

తరువాత వీధిలో అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. జయరావు పెట్టె, కుర్చీ ఆటోలో వేసుకుని మళ్ళీ పాకాలకే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మోహన్‌కృష్ణ బిర్యానీ తెచ్చాడు.

"పీడ పోయింది. తిను," అన్నాడు.

వేసవి చివర్లో మస్కట్‌లోనే ఇంకో ఆసుపత్రి పిలిచింది. ధరణి పోలీసు కాగితానికి మళ్ళీ అర్జీ పెట్టుకుంది.

"నువ్వెందుకు, స్టేషన్లో నేను మాట్లాడొస్తాలే," అన్నాడు మోహన్‌కృష్ణ.

ఈసారి ఆమె వినలేదు. సెలవు పెట్టి తనే వెళ్ళింది. అతను బండి మీద దింపి బయట ఆగాడు.

లోపల అప్పుడు వాకబుకు వచ్చిన కానిస్టేబులే ఉన్నాడు. మునిరామయ్య. చిరునామా చదివి ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వేనామ్మా ఆ బిడ్డవి? మీ ఎదురింటాయన ఎంత పట్టుబట్టినాడనుకున్నావు. నా ఎనకాలే సందు చివరిదాకా వచ్చినాడు."

"ఏమని సార్?"

"'ఆ బిడ్డ ఈడే ఉంటాది సార్, తెల్లారకముందే బస్సుకు పోతాది. చీకట్లో కుక్కలుంటాయని, సందు దాటేదాకా నేను కూసోని సూస్తా ఉంటా. యాడికి రమ్మన్నా వచ్చి చెప్తా' అని. ఒగటే మాట."

ధరణి బల్ల మీది కాగితంలో తన చిరునామా మీద వేలు పెట్టింది.

"మరి లేనని రాసినారే?"

"రాయక ఏం చేసేదమ్మా? ఇంట్లో మనిషే నువ్వు లేవంటే, ఎదురింటాయన మాట ఎట్ల రాసేది?"

"ఇంట్లో మనిషా?"

"తలుపు తీసినాయన. 'ఈడ ఉండదు సార్, తిరుపతిలోనే ఉండిపోయింది, వచ్చేది కూడా లేదు' అన్నాడు." మునిరామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "అదో, ఆ బండి మీద కూసోనుండాడే, ఆయనే."

ఆమె అటు చూడలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. మెట్లు దిగింది.

మోహన్‌కృష్ణ బండి స్టార్ట్ చేశాడు. ఎప్పటి ముఖమే. చిన్నప్పుడు జామకాయ కొరికి సగం ఇచ్చిన ముఖమే.

"ఏమన్నాడు? ఎక్కుమే, మండీకి పొద్దయితాది."

తన కాపురం చెడిపోకూడదని చేయని తప్పును నెత్తినేసుకున్న మనిషిని వెతుక్కుంటూ పోవడానికి, ధరణి బండిని దాటి నడిచి, పాకాల బస్సుకు చెయ్యెత్తింది.