రెండు పక్కలా సింహాలే

"అతుకు ఉంటాది భాయ్. బాగా చూడు," అన్నాడు సంజీవయ్య మూడోసారి.

ప్రొద్దుటూరులో పాత నాణేలు కొని అమ్మే గఫూర్ ఆ రూపాయి బిళ్లను మళ్లీ భూతద్దం కిందికి తెచ్చాడు. ఎటు తిప్పినా సింహాల బొమ్మే. బొరుసు అన్నదే లేదు.

గఫూర్‌కి నవ్వొచ్చింది. అతని అంగడికి వచ్చేవాళ్లంతా రైలు పట్టాల మీద పెట్టి సాగదీసినవీ, సుత్తితో బాదినవీ తెచ్చి, మంచి ధర కోసం, టంకశాల వాళ్లే తప్పుగా అచ్చు కొట్టారని ఒట్లు పెడతారు. దెబ్బ తగిలిన చోట లోహం పక్కకు జరిగి గుట్టపడుతుందనీ, టంకశాల తప్పులో అలా ఉండదనీ ఎంత చెప్పినా వినరు. మైలవరం నుంచి ఎండలో బస్సెక్కి వచ్చిన ఈ ముసలాయన మాత్రం, ఇది దొంగ బిళ్ల అని చెప్పు చాలు అంటున్నాడు.

"యాడ దొరికింది పెద్దాయనా?"

"ఎనభై ఎనిమిదిలో, మా ఊరి సర్పంచి ఎలక్షన్లో. మా పార్టీకీ వాళ్ల పార్టీకీ ఓట్లు సమానం వచ్చినాయి. డ్యూటీకొచ్చిన బడి అయ్యవారు పద్మనాభయ్య జేబులోంచి దీన్ని తీసి ఎగరేసినాడు. వాళ్లు బొమ్మన్యారు. బొమ్మే పడె. వాళ్లు ఊరేగింపు పోయినాక నేల మీదుంటే తీసుకున్యా. తిప్పి చూస్తే ఇదీ సంగతి." సంజీవయ్య ముందుకు వంగాడు. "వాళ్ల దుడ్లు తిని అయ్యవారే చేయించినాడు. అంతే కదా?"

గఫూర్ డబ్బాలోంచి ఇంకో బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇది చేతిపని. రెండు బిళ్లలు అరగదీసి, ఒకదాంట్లో ఒకటి కూర్చినారు. అంచు లోపల గోరుతో గీకు. తగుల్తాందా?"

"తగుల్తాంది."

"ఇప్పుడు నీది గీకు."

సంజీవయ్య గీకాడు. చుట్టూ రెండుసార్లు గీకాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

గఫూర్ రెండింటినీ బండ మీద వేశాడు. చేతిపనిది టప్పుమంది. సంజీవయ్యది ఖంగుమని మోగింది. ఆ మోతకు ముసలాయన ఉలిక్కిపడి వాకిలి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"నీతో ఎవరైనా వచ్చినారా?"

"వచ్చేవాడు వస్తానే ఉంటాడులే. నువ్వు చూడు."

గఫూర్ కూడా ఒకసారి వాకిలి వైపు చూశాడు. బిళ్లను త్రాసులో వేశాడు. బరువు రవ్వంత తేడా లేకుండా సరిపోయింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటిది అతని చేతికి రావడం ఇదే మొదలు. భయం పోయి సంబరం వచ్చింది.

"ఇది టంకశాల తప్పే పెద్దాయనా! రెండు పక్కలా ఒకే అచ్చు పడింది. నీ పంట పండింది. బొంబాయి వాళ్లు ఎగబడి కొంటారు."

సంజీవయ్య నిలబడినవాడు నిలబడినట్టే కూలబడ్డాడు. సంతోషం పట్టలేక కాబోలనుకుని గఫూర్ చెంబుతో నీళ్లిచ్చాడు.

"అయ్యవారి మీద ఊరికే అనుమానపడినావు. ఇట్లాంటివి మామూలు చిల్లరలో కలిసి వస్తాయి. ఆయనకేం తెలుసు పాపం? పోయి ఆయప్పకు ఒక మాట చెప్పు."

సంజీవయ్య నీళ్లు తాగలేదు. చెంబు పక్కన పెట్టాడు.

"'చిల్లరలో వచ్చింది సంజీవా, నాకేం తెలీదు' అని అయ్యవారూ ఆ మాటే అన్యాడు భాయ్, నేను కొడవలి ఎత్తినప్పుడు."