వెనక్కొచ్చిన బోర్డు

బోర్డు మళ్లీ వెనక్కొచ్చింది.

"పై గీత వంకరగా ఉంది బాబూ," అన్నాడు నల్లద్దాల పెద్దాయన, దాన్ని పెయింటరు బల్ల మీద ఆనిస్తూ.

పెయింటరు కుంచె కింద పెట్టాడు.

'గడియారాలు బాగుచేయబడును.' ఉన్నవి రెండే మాటలు, పైనా కిందా చెరో గీత. వాటినే రెండోసారి రాశాడు.

బజారులో సగం దుకాణాల పేర్లు అతని చేతి రాతే. స్కేలు లేకుండా గీత గీస్తాడని పేరు. తలరాత ఎలా ఉన్నా బోర్డు రాత బాగుండాలంటే అతని దగ్గరికే వెళ్లాలని దుకాణదారులు చెప్పుకునేవారు.

"ఎక్కడండీ వంకర? వంక పెట్టాలనే వచ్చారా?"

పెద్దాయన కోప్పడలేదు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, జేబులోంచి దారం తీసి, గీత పక్కన బిగించి పట్టుకున్నాడు.

"గీత సంగతి వదిలేయండి. ఒక కన్ను మూసి చూడండి. దారం ఎలా ఉంది?"

"మధ్యలో వంగింది. గట్టిగా పట్టుకోండి."

"గట్టిగానే పట్టుకున్నాను బాబూ."

పెయింటరు భార్యను పిలిచాడు. ఆమె లోపలినుంచి వచ్చి చూసింది.

"దారం తిన్నగానే ఉందిగా."

పెద్దాయన దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మీకు షుగరుందా?" అడిగాడు పెద్దాయన.

"ఉంటే? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండి."

"ఉందండీ," అంది భార్య. "మాత్రలు గుర్తొస్తే వేసుకుంటారు. టీలో చక్కెర మాత్రం ఏనాడూ మరిచిపోరు."

"మీ కళ్లు బాగున్నాయని డాక్టరు చెబితే ఈ బోర్డే తీసుకుపోతాను," అన్నాడు పెద్దాయన. "లేదంటే, తగ్గాక మళ్లీ రాయండి. నాకు తొందరేం లేదు."

ఆ మాట పెయింటరు పౌరుషానికి తగిలింది. మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్లాడు, పెద్దాయన నోరు మూయించడానికే.

డాక్టరమ్మ కళ్లలో చుక్కలు వేసి, లోపలంతా చూసింది.

"షుగరు చాలాకాలంగా అదుపులో లేదు. కంటి వెనక సన్నటి రక్తనాళాలు కారి, చూపుకు ముఖ్యమైన చోట నీరు చేరింది. అందుకే తిన్నగా ఉన్నవి వంకరగా కనిపిస్తున్నాయి."

"నొప్పేం లేదు కదమ్మా."

"ఈ జబ్బు దొంగలా వస్తుంది. మీరు వేళకే వచ్చారు. ఇంకా ఆలస్యమైతే నేనేం చేయగలిగేదాన్నో చెప్పలేను."

కంట్లో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. చక్కెర టీ పోయింది. మాత్రల డబ్బా భార్య చేతికి వెళ్లింది. పొద్దున్నే నడక వచ్చింది. అన్నిటికంటే, కుంచె పట్టకుండా కూర్చోవడమే అతనికి కష్టమైంది.

ఒక ఉదయం ఎదురింటి కిటికీ ఊచలు నిటారుగా నిలబడ్డాయి. చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజే, పెద్దాయన వదిలివెళ్లిన బోర్డును చెరిపి కొత్తగా రాశాడు. భార్య వెనక్కి జరిగి చూసి, "దిష్టి తగిలేలా ఉంది," అంది. ఇంతకాలం ఎవరు మెచ్చుకున్నా తల ఊపి ఊరుకునే మనిషి, ఆ మాటకు మనసారా నవ్వాడు.

పెద్దాయన రాలేదు. ఆయన ఇచ్చిన చిరునామా వెతుక్కుంటూ, బోర్డు భుజాన పెట్టుకుని తనే వెళ్లాడు.

కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి నెలైందండీ."

పెయింటరు బోర్డు మెల్లగా దించాడు. "దుకాణం ఎక్కడో చూపించమ్మా, నా చేతులతో బిగించి వెళ్తాను," అన్నాడు.

"దుకాణమా? మాకు ఏ దుకాణమూ లేదండీ."

"మరి ఈ బోర్డు?"

ఆమె అక్షరాల మీద వేలు పోనిచ్చింది. కళ్లు తడిశాయి గానీ, తల ఎత్తే మాట్లాడింది.

"బజారులో మీ పాత బోర్డులూ కొత్త బోర్డులూ చూసి, 'ఈయన చేతిలో తప్పు లేదమ్మా, కంట్లో ఉంది' అనేవారు. మా సొంతూళ్లో బోర్డులన్నీ నాన్న రాసినవేనండీ. ఆయన గీత వంకరపోతుంటే, అంత పనివాడికి మనమేం చెబుతామని అందరూ ఊరుకున్నారు, షుగరు ఒక కన్ను పూర్తిగా తీసుకుపోయేదాకా."