తొట్టెలో దొరికిన పలుకు

“ఆ తువ్వాలు ఇటియ్యి మావా, పరుసుకుంతాను,” అంటూ నీలవేణి రైలు బెంచీ మీంచి చెయ్యి చాచింది.

ధనరాజు తువ్వాలును చంక కింద మరింత బిగించాడు. “మాసిపోనాదే. వద్దులే.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు సర్దుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. రైల్లో కంపు అంటుంది గానీ, ధనరాజుకు తెలుసు. తను చేసిన పని ఆమె చూసింది. మొగుడి మొహం చూడలేక కప్పుకుంది.

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కదా అని డొంకూరు జాలర్లంతా కలిసి వేసిన టూరు అది. వెళ్లింది ఒకప్పుడు బంగారం తవ్విన ఊరికి. గనులు మూతబడ్డాక మట్టిదిబ్బలకు మెట్లు కట్టి, పైన ఫొటోలు దిగే చోటు పెట్టారు. కింద తొట్టెల దగ్గర గనిమట్టి కడిగే సరదా ఒకటి. “ఏం దొరికినా ఇచ్చెయ్యాలి, అది గనిది,” అన్నాడు గైడు.

నిన్న మొగుడూ పెళ్లాం ఒకే చిప్ప మీద వంగి, చెమటలు తుడుచుకుంటూ మట్టి కడిగారు. విసుగొచ్చి ఆమె లేచి వెళ్లింది. అప్పుడు అడుగున మినపగింజంత పలుకు తళుక్కుమంది. ధనరాజు చుట్టూ చూసి, మట్టితో సహా తువ్వాలు కొసన ముడేశాడు. మళ్లీ విప్పి చూడ్డానికి సిగ్గేసింది.

“బంగారం పోయినా కీడే, దొరికినా కీడే” అనేది వాళ్లమ్మ. ఇతనిది దొరికింది కూడా కాదు, దొంగిలించింది. ఎల్లుండి నిషేధం ముగుస్తుంది, పడవ దించాలి. ఏ మొహంతో గంగమ్మకు దణ్ణం పెడతాడు?

రైలు వంశధార వంతెన ఎక్కింది. అందరూ చిల్లర విసురుతున్నారు. ధనరాజు ముడి విప్పి, కళ్లు మూసుకుని, నదిలోకి దులిపేశాడు.

“ఏటి పారేసినావు?”

“దొంగసొమ్ము. గనిమట్టిలో దొరికిన బంగారప్పలుకు. నువ్వు సూసినావు, నాకు తెల్సు. అందుకే గదా మొగం కప్పుకున్నావు? సిగ్గుతో సచ్చిపోతన్నాను, నీలేణీ.”

నీలవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నానేటీ సూడ్లేదు మావా. నా సిగ్గు నాది. సముద్రం మీదకెల్లే మనిసివి, కీడని బెంగెట్టుకుంతావని సెప్పలేకపోనాను.”

మెల్లగా కొంగు దించింది.

ముక్కున బంగారు పుడక లేదు.